ఊరి పెద్దలు – ఏడో భాగం: మోరిస్ ఇచ్చిన మూడెకరాలు

1852లో జెరమయా మోరిస్ అనే భూస్వామి నార్త్ కరోలినా రైల్‌రోడ్ కంపెనీకి మూడెకరాల స్థలం ఊరికే రాసిచ్చాడు. ఇంజన్లకు నీళ్లు పట్టుకునే ఏర్పాటుకు, కట్టెలు పేర్చుకునే కొట్టానికి, మరికొన్ని కట్టడాలకు ఆ స్థలం. రైలు ఆగే చోట దుకాణాలు వచ్చాయి, దుకాణాల చుట్టూ ఇళ్లు వచ్చాయి, ఇచ్చినవాడి పేరే ఊరి పేరైంది. రాలీ, డర్హమ్ నగరాల మధ్య ఇవాళ తెలుగు మాట గట్టిగా వినపడే మోరిస్‌విల్ అలా పుట్టింది.

మన గ్రంథాలయోద్యమానికి అండగా నిలిచిన జమీందార్ల గురించి, వ్యాపారుల గురించి గత భాగంలో చెప్పుకున్నాం. ఆ వరసలో అమెరికా ఊరొకటి రావడానికి కారణం ఉంది. డబ్బు, చదువు, పలుకుబడి ఉన్నవాళ్లు తమ చుట్టూ ఉన్న సమాజానికి ఏం చేశారు, ఎవరికి చేశారు, ఎవరిని వదిలేశారు అన్న ప్రశ్నకు ఈ ఊరి చుట్టుపక్కల నూట డెబ్బై ఏళ్లుగా జవాబులు పోగుపడి ఉన్నాయి. ఆ ప్రశ్న ఇప్పుడు అక్కడి తెలుగువాళ్ల ముందుకు వచ్చింది.

మోరిస్‌ను పెద్ద దాత అనలేం. స్టేషన్ వస్తే చుట్టుపక్కల తన భూమికి ధర పలుకుతుందని తెలియని మనిషి కాడు. అయినా సొంత లాభం, ఊరి మేలు ఒకే మూడెకరాల్లో కలిసినందుకు తప్పుపట్టాల్సింది లేదు. అసలు తప్పు పట్టాల్సింది లెక్కలోకి రాని మనుషుల విషయంలో. గవర్నరుగా చేసిన జాన్ మోట్లీ మోర్‌హెడ్ నాయకత్వంలో మొదలైన ఆ రైలుమార్గానికి 1849లో చార్టర్ దక్కింది. మూడు మిలియన్ డాలర్ల మూలధనంలో రెండు మిలియన్లు రాష్ట్ర ఖజానా పెట్టింది. గోల్డ్స్‌బరో నుంచి షార్లట్ దాకా 223 మైళ్ల దారి 1856కల్లా పూర్తయింది. దారి పొడుగునా కాంట్రాక్టులు తీసుకున్నవాళ్లలో చాలామంది స్థానిక భూస్వాములే. మట్టి తవ్వింది, కట్టలు పోసింది వాళ్ల బానిసలు. పెద్దల త్యాగం గురించి, దూరదృష్టి గురించి వార్షిక నివేదికల్లో రాసుకునే రోజుల్లో ఈ చెమట ఎవరి ఖాతాలోనూ జమ కాలేదు.

అంతర్యుద్ధం చివర్లో, 1865 ఏప్రిల్‌లో, ఇక్కడి స్టేషన్ దగ్గర ఉత్తరాది అశ్వికదళానికీ దక్షిణాది అశ్వికదళానికీ పోరు జరిగింది. కొన్ని రోజులకే, కొద్ది మైళ్ల దూరంలోని బెనెట్ అనే రైతు ఇంట్లో దక్షిణాది సేనాని జాన్‌స్టన్ లొంగిపోయాడు. యుద్ధం ముగిశాక బానిసత్వం నుంచి బయటపడినవాళ్లు ఇక్కడ షైలో అనే వాడ కట్టుకున్నారు. మోరిస్‌విల్‌కు పట్టణ హోదా 1875లో వచ్చింది. ఆ తర్వాత వందేళ్లకు పైగా అది రైలుపట్టాల పక్కన ఒక చిన్న ఊరు, అంతే.

కథలో అసలు మలుపు పక్కనున్న డర్హమ్‌లో ఉంది.

1898 నాటికి నార్త్ కరోలినాలో నల్లజాతివాళ్లకు రాజకీయంగా తలుపులు మూసుకుపోతున్నాయి. ఆ ఏడాదే నవంబరులో విల్మింగ్టన్ పట్టణంలో తెల్లజాతి ముఠాలు ఎన్నికైన పాలకవర్గాన్ని కూలదోశాయి, నల్లజాతివాళ్లను చంపాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే డర్హమ్‌లో కొందరు నల్లజాతి మనుషులు నార్త్ కరోలినా మ్యూచువల్ అనే బీమా సంస్థ పెట్టారు. కొద్దికాలానికే ఇద్దరు తప్ప మిగతా వ్యవస్థాపకులు తప్పుకున్నారు. నిలబడిన ఇద్దరిలో ఒకరు బానిసగా పుట్టి, క్షురక వృత్తిలో పైకొచ్చి, పొగాకు కోటీశ్వరులైన డ్యూక్ కుటుంబం గడ్డాలు గీసిన జాన్ మెరిక్. రెండోవారు ఊరిలో తొలి నల్లజాతి వైద్యుడు ఆరన్ మూర్. కిరాణా దుకాణం నడిపిన అనుభవంతో మూర్ మేనల్లుడు చార్ల్స్ స్పాల్డింగ్ వాళ్లకు తోడయ్యాడు.

కంపెనీవాళ్లు తరతరాలుగా చెప్పుకునే సంగతి ఒకటి ఉంది. మొదటి బీమా క్లెయిమ్ నలభై డాలర్లకు వచ్చింది. ఖజానాలో అంత లేదు. తక్కువపడ్డ డబ్బు ముగ్గురూ జేబుల్లోంచి తీసి ఇచ్చారు. వారం వారం చిల్లర నాణాలతో కట్టే పాలసీలు అవి. చాకలి పని, పొగాకు ఫ్యాక్టరీ పని చేసుకునేవాళ్ల డబ్బు. ఒక్కసారి మాట తప్పితే అక్కడితో ముగిసేది. ఇచ్చారు కాబట్టి నిలిచింది. స్పాల్డింగ్ తర్వాతి రోజుల్లో, 1923 నుంచి 1952లో చనిపోయేదాకా, ఆ కంపెనీ అధ్యక్షుడిగా ఉన్నాడు.

ఆ చిన్న గుంపు చేసింది వ్యాపారమొక్కటే కాదు. 1901లో లింకన్ ఆసుపత్రి తెరిచారు, డ్యూక్‌ల దగ్గర డబ్బు అడిగి తెచ్చారు. 1907లో మెకానిక్స్ అండ్ ఫార్మర్స్ బ్యాంకు పెట్టారు. 1913లో డాక్టర్ మూర్ ఒక చర్చి నేలమాళిగలో పుస్తకాలు పేర్చి గ్రంథాలయం మొదలుపెట్టాడు. కొన్నేళ్లకు దానికి సొంత భవనం వచ్చింది. మరుసటి ఏడాది, 1914లో, బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. ఒకరికొకరు తెలియని రెండు చోట్ల, దాదాపు ఒకే సమయంలో, చదువుకున్న కొందరికి ఒకే పని ముఖ్యమనిపించడం చరిత్రలో చూడముచ్చటైన ఘట్టం.

ఈ మనుషులను చూడ్డానికి డ్యూబోయిస్ వచ్చాడు. నల్లజాతి మేధావుల్లో అగ్రగణ్యుడైన డబ్ల్యూ.ఇ.బి. డ్యూబోయిస్ 1903లో ఒక వ్యాసం రాశాడు: ఏ జాతి అయినా పైకి రావాలంటే అందులో ప్రతి పదిమందిలో ఒకరు, అంటే బాగా చదివిన, శక్తిగల ఒక్కరు, మిగతా తొమ్మిదిమందిని వెంటబెట్టుకుని నడవాలని వాదించాడు. డర్హమ్ చూశాక ఆ ఊరి గురించి 1912లో మెచ్చుకుంటూ రాశాడు. అక్కడ ఆ ఒక్కరు మిగతావాళ్లను మరవలేదన్నది ఆయన గమనింపు.

అయితే డ్యూబోయిస్ అక్కడే ఆగిపోలేదు. ఎనభైలో పడ్డాక, 1948లో, తన పాత వాదాన్ని తానే సవరించుకున్నాడు. చదువు వచ్చిందంటే త్యాగబుద్ధి దానంతటదే వస్తుందని తాను అనుకున్నానని, అలా రానే రాదని, సుఖాలకు అలవాటుపడి తమ గుంపు కోసమే బతికే పెద్దవర్గం కూడా తయారవుతుందని ఒప్పుకున్నాడు. యౌవనంలో గట్టిగా చెప్పిన మాటను ముసలితనంలో ఇంత నిక్కచ్చిగా సరిదిద్దుకున్న మేధావులు అరుదు. పెద్దవర్గం బాధ్యత గురించి మాట్లాడేవాళ్లందరూ ముందు చదవాల్సింది 1903 నాటి డ్యూబోయిస్‌ను కాదు, 1948 నాటి డ్యూబోయిస్‌ను.

ఇక తెల్లజాతి పెద్దల వంతు.

1950ల్లో నార్త్ కరోలినా తలసరి ఆదాయం దేశంలో అట్టడుగు వరసలో ఉండేది. బట్టల మిల్లులు, కుర్చీలు బల్లలు చేసే ఫ్యాక్టరీలు, పొగాకు. మూడింటిలోనూ కూలి తక్కువ. రాలీలో, డర్హమ్‌లో, చాపెల్ హిల్‌లో మూడు మంచి విశ్వవిద్యాలయాలు ఉన్నా, అక్కడ చదివిన పిల్లలు పట్టా చేతికి రాగానే రాష్ట్రం దాటిపోయేవారు. మూడు విశ్వవిద్యాలయాల నడుమ ఒక పరిశోధన కేంద్రం కడితే ఆ పిల్లలు ఇక్కడే ఉంటారని భవన నిర్మాణ కాంట్రాక్టర్ రోమియో గెస్ట్ పట్టుదలగా తిరిగాడు. జౌళి వ్యాపారం నుంచి గవర్నర్ పదవికి వచ్చిన లూథర్ హాడ్జెస్ దాన్ని భుజాన వేసుకున్నాడు. న్యూయార్క్ జౌళి వ్యాపారి కార్ల్ రాబిన్స్ పెట్టుబడి పెట్టాడు. పైన్‌లాండ్స్ అనే కంపెనీ పేరిట చవకగా పైన్ అడవి భూములు వేల ఎకరాలు కొన్నారు. లాభం కోసం పెట్టిన కంపెనీ అది. షేర్లు కొనండంటే ముందుకొచ్చినవాళ్లు పెద్దగా లేరు.

1958 ఆగస్టులో గవర్నరు, వాకోవియా బ్యాంకు పెద్ద రాబర్ట్ హేన్స్ కలిసి అదే బ్యాంకులోని ఆర్చీ డేవిస్‌ను పిలిచి షేర్లు అమ్మిపెట్టమన్నారు. డేవిస్ ఇచ్చిన జవాబు ఆ ప్రాంతపు చరిత్రను మార్చింది. ఇందులో ఎవరో ఒకరికి లాభం ఉందని తెలిస్తే జనం పెట్టుబడి పెట్టరని, అదే రాష్ట్రానికి మేలు జరిగే పని, ఎవరి జేబులోకీ పైసా పోదంటే విరాళం ఇస్తారని చెప్పాడు. అమ్మడం మానేసి అడగడం మొదలుపెట్టాడు. రాష్ట్రమంతా తిరిగి కొద్ది నెలల్లో 14 లక్షల 25 వేల డాలర్లు పోగుచేశాడు. 1959 జనవరిలో ఆ సంగతి ప్రకటించారు. పైన్‌లాండ్స్ వాటాలను కొనేసి, భూమిని లాభాపేక్ష లేని రీసెర్చ్ ట్రయాంగిల్ ఫౌండేషన్‌కు అప్పగించారు. జబ్బుతో ఉన్న హేన్స్ ఆ మార్చిలోనే చనిపోయాడు.

పార్కు వెంటనే నిండలేదు. కెమ్‌స్ట్రాండ్ వంటి ఒకటి రెండు సంస్థలు తప్ప ఐదారేళ్లు అక్కడ చెట్లే కనిపించాయి. లాభం కోసం చూసే పెట్టుబడిదారులైతే ఆ ఐదేళ్లలో భూమిని ముక్కలు చేసి అమ్ముకునేవాళ్లు. ఫౌండేషన్‌కు ఆ తొందర లేదు. 1965లో ఐబీఎం వచ్చింది, పర్యావరణ ఆరోగ్య విజ్ఞానాల జాతీయ సంస్థ వచ్చింది. అక్కడి నుంచి వెనక్కి చూసింది లేదు. దాదాపు ఏడు వేల ఎకరాల ఆ పార్కు అంచునే మోరిస్‌విల్ ఉంది. కెనెడీ ప్రభుత్వంలో వాణిజ్య మంత్రిగా చేసి వచ్చిన హాడ్జెస్, తర్వాత ఏడాదికి ఒక్క డాలరు జీతం మీద ఆ ఫౌండేషన్‌ను నడిపాడు.

ఇంతవరకూ చదివితే చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. కానీ అదే హాడ్జెస్, సుప్రీంకోర్టు 1954లో బడుల్లో జాతి వేర్పాటు చెల్లదన్నాక, నల్లజాతివాళ్లు స్వచ్ఛందంగా వేరు బడుల్లోనే ఉండాలని కోరినవాడు. 1956లో రాష్ట్రం తెచ్చిన పియర్సాల్ ప్లాన్ బడుల ఏకీకరణను ఏళ్లకేళ్లు వెనక్కి నెట్టింది. రేపటి పరిశ్రమల కోసం అంత దూరం చూసిన కళ్లు పక్కవాడలోని పిల్లలను చూడలేదు.

రోడ్డు దగ్గర అది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. పరిశోధన పార్కుకు డర్హమ్ నుంచి వేగంగా చేరాలంటే ఎక్స్‌ప్రెస్‌వే కావాలన్నారు. 1960ల చివర్లో పని మొదలైంది. మెరిక్, మూర్, స్పాల్డింగ్ తరం నిలబెట్టిన హేటీ అనే నల్లజాతి వాడ మీదుగా ఆ రోడ్డు గీశారు. పట్టణ పునరుద్ధరణ పేరిట నాలుగు వేలకు పైగా కుటుంబాలు, ఐదు వందల వ్యాపారాలు ఖాళీ చేయాల్సి వచ్చిందని లెక్క. ఒక పెద్దవర్గం కట్టిన పార్కుకు దారి వేయడానికి మరో పెద్దవర్గం కట్టుకున్న ఊరు పోయింది. విరాళాల జాబితాలో ఉన్న పేర్లు గొప్పవే. గీత ఎక్కడ గీయాలో తేల్చిన గదిలో హేటీ తరఫున మాట్లాడగలిగిన కుర్చీ ఉందా అన్నదే చరిత్రకారుడు ముందు అడగాల్సిన ప్రశ్న.

ఇప్పుడు మనవాళ్ల దగ్గరికి వద్దాం. పార్కుకు ఐబీఎం వచ్చిన 1965లోనే అమెరికా వలస చట్టం మారింది. దేశాలవారీ పాత కోటాలు పోయాయి. 1990 నాటి చట్టంతో హెచ్1బీ వీసా వచ్చింది. హైదరాబాదులో, విజయవాడలో, గుంటూరులో ఇంజనీరింగ్ చదివిన పిల్లలకు రాలీ, డర్హమ్, చాపెల్ హిల్‌ల నడుమ ట్రయాంగిల్ అని పిలిచే ఈ ప్రాంతం తెలిసిన ఊరైంది. 2005లో ఐబీఎం పర్సనల్ కంప్యూటర్ విభాగాన్ని లెనోవో కొన్నది; ఆ సంస్థ అమెరికా ప్రధాన కార్యాలయం మోరిస్‌విల్‌లోనే ఉంది. 2000లో 5,208 మంది ఉన్న ఊరు 2010కి 18,576కు, 2020కి 29,630కి పెరిగింది. ఆ జనాభాలో దాదాపు సగం ఆసియా మూలాలవారు, వారిలో అధికులు భారతీయులు.

వచ్చినవాళ్లు మొదట గుడి కట్టుకున్నారు. 1976లో ఏర్పడిన హిందూ సొసైటీ ఆఫ్ నార్త్ కరోలినా ఆలయం మోరిస్‌విల్‌లో ఏవియేషన్ పార్క్‌వే మీద ఉంది. పక్కనే కేరీలో 2009లో వేంకటేశ్వరస్వామి గుడి వెలిసింది. 2022 దీపావళి నాడు అక్కడి 87 అడుగుల రాజగోపురాన్ని రాష్ట్ర గవర్నర్ రాయ్ కూపర్ ప్రారంభించారు. ఉగాదులు, సంక్రాంతులు, పిల్లలకు తెలుగు తరగతులు, ఎవరికైనా ఆపద వస్తే గంటల్లో పోగయ్యే చందాలు. ట్రయాంగిల్ తెలుగు సంఘం చేసేవి ఇవే, దేశమంతటా తెలుగు సంఘాలు చేసేవీ ఇవే. ఆపదలో ఆదుకునే ఆ గుణం సామాన్యమైనది కాదు. ఉద్యోగం పోయిన కుర్రవాడికి, రోడ్డు ప్రమాదంలో పోయినవాడి తల్లిదండ్రులకు అది ప్రాణం పోసిన సందర్భాలు లెక్కలేనన్ని.

దూరాన సంపాదించి సొంత నేల మీద ఖర్చుపెట్టడం మనకు కొత్త కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం వ్యాపారంలో గడించింది తెలుగు పత్రికలకు, పుస్తకాలకు, గ్రంథాలయాలకు, జాతీయోద్యమానికి ధారపోశారు. 2000లో హైదరాబాదులో తెరుచుకున్న బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రి వెనుక న్యూయార్క్ వైద్యుడు నోరి దత్తాత్రేయుడు వంటి ప్రవాసుల శ్రమ, డబ్బు ఉన్నాయి. పుట్టిన ఊరికి ఇవ్వడం మనకు తెలుసు. బతుకుతున్న ఊరికి ఏం బాకీ ఉన్నామన్నది మాత్రం మోరిస్‌విల్‌లోనూ, ఫ్రిస్కోలోనూ, ఎడిసన్‌లోనూ ఇంకా తేలని లెక్క.

తేలకపోవడానికి వీళ్ల పరిస్థితిలోని విచిత్రం ఒక కారణం. జీతం ఉంది, ఇల్లు ఉంది, ఆస్తి పన్ను కడుతున్నారు, పిల్లలు అక్కడే పుట్టారు. చాలామందికి ఓటు మాత్రం లేదు. ఉపాధి ఆధారిత గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి ఏడు శాతానికి మించకూడదన్న పరిమితి వల్ల భారతీయుల వరుస పదుల ఏళ్లకు సాగుతోంది. ఉద్యోగం పోతే నెలల్లో దేశం విడవాలేమోనన్న భయంతో బతికే మనిషికి ఊరి వ్యవహారాల్లో తలదూర్చే ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది? ఇలాంటి పెద్దవర్గం చరిత్రలో చాలా అరుదు. మెరిక్, మూర్‌ల కాలంలో నల్లజాతివాళ్ల ఓటును లాక్కున్నారు. వీళ్లకు ఇంకా రాలేదు. అయినా ఆ ఇద్దరూ ఓటు కోసం ఆగకుండా ఆసుపత్రి కట్టారని, గ్రంథాలయం తెరిచారని మరవకూడదు.

పౌరసత్వం వచ్చినవాళ్లలో కొందరు ముందడుగు వేశారు. మేయరు, ఆరుగురు సభ్యులు ఉండే మోరిస్‌విల్ టౌన్ కౌన్సిల్‌కు స్టీవ్ రావు 2011లో ఎన్నికయ్యారు. ఆ తర్వాత సతీష్ గరిమెళ్ల సభ్యుడిగా, మేయరు లేనప్పుడు ఆ బాధ్యత చూసే మేయర్ ప్రో టెమ్‌గా పనిచేశారు. చర్చ్ స్ట్రీట్ పార్కులో పట్టణం వారి క్రికెట్ మైదానం ఉంది. 2023 జులైలో మేజర్ లీగ్ క్రికెట్ తొలి సీజన్ మ్యాచ్‌లు అక్కడ జరిగాయి. మన ఆటకు పట్టణ స్థలం దొరికింది. ఇందులో సంతోషించాల్సింది చాలా ఉంది. అది గుడి ఆవరణ కాదు, అందరి పార్కు.

కౌన్సిల్ బల్ల మీదికి వచ్చే పనులు మాత్రం క్రికెట్ అంత ఉత్సాహంగా ఉండవు. ఏ స్థలంలో ఎన్ని అపార్ట్‌మెంట్లు కట్టనివ్వాలి? ఊళ్లో బడి చెప్పే టీచరు, మంటలార్పే సిబ్బంది, ఆసుపత్రి నర్సు అదే ఊళ్లో అద్దెకు ఉండగలిగే ధరల్లో ఇళ్లు మిగలాలంటే ఏం చేయాలి? తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న అనేక కాలనీల్లో ఇంటి ధర పెరగడం శుభవార్త. అద్దెకు ఉండే నర్సుకు అదే ఊరు వదిలే కబురు. 1852లో మోరిస్‌కు, 1958లో పైన్‌లాండ్స్ వాటాదారులకు ఎదురైన చిక్కే ఇది: సొంత స్థలం విలువ ఒకవైపు, ఊరి మేలు ఒకవైపు. మన ఇళ్ల ముందు చిన్న అపార్ట్‌మెంట్లు వద్దని పిటిషన్ మీద సంతకం పెట్టడం తేలిక. షైలో వాడవాళ్లూ, నర్సులూ కూర్చున్న గదిలో కూర్చుని అదే మాట అనడం కష్టం. ఆ గదిలో కూర్చోవడమే పెద్దవర్గపు మొదటి పని.

2021 అక్టోబరులో పట్టణం ఉచిత స్మార్ట్ షటిల్ మొదలుపెట్టింది. నిర్ణయించిన స్టాపుల మధ్య ఫోన్‌లో పిలిస్తే వచ్చే చిన్న బస్సు అది, టికెట్ లేదు. కారు నడపని పెద్దవాళ్లకు, కారు కొనలేని పనివాళ్లకు అదే కాళ్లు. ఇండియా నుంచి ఆరు నెలలకు వచ్చి ఇంట్లో గోడలు చూస్తూ కూర్చునే తాతయ్యలు, అమ్మమ్మలు, గిడ్డంగిలో రాత్రి షిఫ్ట్ చేసే మెక్సికన్ కుర్రవాడు అదే బస్సులో పక్కపక్కన కూర్చోవచ్చు. ఇలాంటి సౌకర్యం నిలవాలన్నా, పెరగాలన్నా ఏటా బడ్జెట్‌లో దానికి మద్దతు పలికేవాళ్లు కావాలి.

నార్త్ కరోలినా చట్టం ప్రకారం ప్రతి పట్టణ కౌన్సిల్ నెలకు కనీసం ఒకసారి జనం మాట్లాడటానికి సమయం ఇచ్చి తీరాలి. ఆ మైకు ముందుకు రావడానికి ఓటు హక్కు ఉండాలన్న షరతు లేదు. మోరిస్‌విల్ టౌన్ హాలుకు హిందూ ఆలయం నుంచి కారులో కొద్ది నిమిషాలే.

(పిఠాపురం రాజా, రఘుపతి వెంకటరత్నం నాయుడు, కాకినాడ కళాశాల: ఎనిమిదో భాగం వచ్చే సంచికలో)